లినక్స్‌లో బ్రౌజర్ వీడియో రాకపోతే: ప్లగిన్ వెతకడానికి ముందు చూడవలసినవి

మీరు చెప్పిన దానిని బట్టి పరిస్థితి ఇది: ఇటీవలే విండోస్ నుంచి లినక్స్‌కు మారారు, ఫైర్‌ఫాక్స్‌లో యూట్యూబ్ చక్కగా వస్తోంది కానీ, మరికొన్ని సైట్లలో వీడియో ఉండవలసిన చోట నల్లటి పెట్టె మాత్రమే కనిపిస్తోంది, వాటిలో ఒక సైటు ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసుకోమని అడిగింది, పాత సూచనలేవో చూసి ఒక టార్ ఫైలు దించుకున్నారు, దానిని విప్పగా వచ్చిన ఫైలును ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయారు. అక్కడ ఆగడం మంచిదైంది. ఆ ఫైలును ఎక్కడ పెట్టినా ఇప్పటి ఫైర్‌ఫాక్స్ దాని వంక చూడదు. మీకు కావలసింది ప్లగిన్ కాదు. మీ సిస్టమ్‌లో లేనిది ఏమిటో ముందుగా తెలుసుకుని, దానిని మీ డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, ఫెడోరా వంటి మీ లినక్స్ రకం) సొంత ప్యాకేజీల నుంచి తెచ్చుకోవడమే మీరు చేయవలసిన పని.

ఆ పాత సూచనలు రాసిన కాలానికి అవి సరైనవే. బ్రౌజర్‌కు సొంతంగా వీడియో చూపే శక్తి లేని రోజుల్లో అడోబీ ఫ్లాష్ వంటి బయటి ప్రోగ్రాములను ఎన్‌పీఏపీఐ అనే ఏర్పాటు ద్వారా బ్రౌజర్‌కు తగిలించేవారు. లినక్స్‌లో ఆ పని అంటే ఒక లైబ్రరీ ఫైలును హోమ్ ఫోల్డరులో కనబడకుండా ఉండే మొజిల్లా ఫోల్డరులోని ప్లగిన్స్ అనే చోటికి చేత్తో కాపీ చేయడం. 2014 అక్టోబరులో హెచ్‌టీఎమ్ఎల్5 అధికారిక ప్రమాణంగా వెలువడింది, 2015 జనవరిలో యూట్యూబ్ ఫ్లాష్‌ను పక్కనపెట్టి హెచ్‌టీఎమ్ఎల్5 వీడియోనే ముందుకు తెచ్చింది, 2017 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 52 ఫ్లాష్ ఒక్కటి తప్ప మిగిలిన ఎన్‌పీఏపీఐ ప్లగిన్లన్నింటికీ తలుపు మూసింది. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే వీడియోలను, ఆటలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. అదే నెలలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 85, క్రోమ్ 88 దానిని పూర్తిగా తొలగించాయి. అంటే ఈనాడు ఏ సైటైనా వీడియో చూడడానికి ప్లగిన్ దించుకోమంటోందంటే, అది ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని సైటైనా అయి ఉండాలి, లేదా మీ కంప్యూటర్‌లోకి మరేదో పంపాలని చూస్తున్న సైటైనా అయి ఉండాలి. ‘ఫ్లాష్ అప్‌డేట్ చేయండి’ అనే నకిలీ ప్రకటన హానికర ప్రోగ్రాములను పంపే వారికి చాలాకాలంగా అలవాటైన మార్గం. లినక్స్‌కు వచ్చాం కదా అని ఆ ప్రమాదం తొలగిపోదు, ఎందుకంటే అడిగిన వెంటనే పాస్‌వర్డ్ ఇచ్చేస్తే లినక్స్ కూడా ఆ ప్రోగ్రాము చెప్పినట్టే నడుచుకుంటుంది.

విండోస్ నుంచి వచ్చిన వారు ఇక్కడ ఒక అలవాటు మార్చుకోవాలి. అక్కడ ఏదైనా కావాలంటే వెబ్‌లో వెతికి, ఇన్‌స్టాలర్ దించుకుని, నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడం అలవాటు. లినక్స్‌లో ప్రతి డిస్ట్రిబ్యూషన్‌కూ తనదైన రిపాజిటరీ, అంటే పరీక్షించి డిజిటల్ సంతకం చేసిన ప్యాకేజీల భాండారం, ఉంటుంది. అందులోంచి తెచ్చుకున్నది మీ సిస్టమ్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది, తీసివేయాలన్నప్పుడు శుభ్రంగా పోతుంది. చేత్తో కాపీ చేసిన ఫైలుకు ఈ రెండు సౌకర్యాలూ ఉండవు. కర్ల్ కమాండుతో ఒక స్క్రిప్టును దించి నేరుగా సుడో బాష్‌కు (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారంతో నడిచేలా) అందించమని ఎక్కడైనా కనబడితే, ఆ స్క్రిప్టు లోపల ఏముందో చదివి అర్థం చేసుకునే దాకా దానిని ముట్టుకోకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. యూట్యూబ్ వస్తూ వేరే సైటు రాకపోవడం నాకు చాలా చెబుతోంది. వీడియో ఫైలు ఎంతో కుదించి మూటకట్టిన సామాను వంటిది. ఆ మూట విప్పే పద్ధతి తెలిసిన చిన్న ప్రోగ్రామును కోడెక్ అంటారు. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కోడెక్‌లలో వీడియో పంపుతుంది. ఇవి రాయల్టీ లేకుండా ఎవరైనా వాడుకోగలిగేలా రూపొందినవి కాబట్టి ప్రతి డిస్ట్రిబ్యూషన్‌లోని ఫైర్‌ఫాక్స్‌తోనూ వస్తాయి. మిగిలిన సైట్లలో చాలా భాగం 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264నే వాడతాయి, దానికి తోడు ధ్వని కోసం ఏఏసీ ఉంటుంది. హెచ్.264 మీద పేటెంట్లు ఉండడం వల్ల కొన్ని డిస్ట్రిబ్యూషన్లు దానిని విప్పే ప్రోగ్రామును మొదటే ఇవ్వవు, మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్ ఈ పనికి సిస్టమ్‌లో ఉన్న ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. అది లేకపోతే నల్లటి పెట్టే మిగులుతుంది. కొన్నిసార్లు పేజీ పైన, వీడియో కోడెక్‌లు ఇన్‌స్టాల్ చేయవలసి రావచ్చని ఒక పట్టీ కూడా కనిపిస్తుంది. అది సైటు ఇచ్చే సందేశం కాదు, ఫైర్‌ఫాక్స్ ఇచ్చేది, కాబట్టి దానిని నమ్మవచ్చు.

ఊహతో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, ముందు బ్రౌజర్‌నే అడగండి. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో అబౌట్:సపోర్ట్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే పొడవాటి పేజీ ఒకటి తెరుచుకుంటుంది. (ఇక్కడ కమాండ్లను, మెనూ పేర్లను తెలుగు అక్షరాలలో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఆంగ్ల అక్షరాలలో, కమాండ్లనైతే అన్నీ చిన్న అక్షరాలలో టైప్ చేయాలి.) ఆ పేజీలో మీడియా అనే విభాగం దాకా కిందికి వెళ్తే, కోడెక్‌ల పట్టిక కనబడుతుంది: ఒక్కో వరుసలో ఒక్కో కోడెక్ పేరు, దాని పక్కన సాఫ్ట్‌వేర్ డీకోడింగ్ ఉందా, హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉందా అన్నవి రెండు గడులు. హెచ్264 వరుసలో సాఫ్ట్‌వేర్ గడి ‘అన్‌సపోర్టెడ్’ అంటుంటే మీ లోటు కోడెక్. ‘సపోర్టెడ్’ అంటుంటే కోడెక్‌ల కోసం వెతకడం మానేసి, దిగువ చెప్పిన మిగిలిన కారణాలకు వెళ్లండి. చిత్రం వస్తూ శబ్దం రాని సైట్లుంటే ఏఏసీ వరుస కూడా చూడండి.

అదే పేజీ మొదట్లో అప్లికేషన్ బైనరీ అనే వరుస ఉంటుంది. దానిని తప్పక గమనించండి. అందులోని దారి స్నాప్ అనే పేరుతో మొదలైతే మీ ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీ. యాప్ అనే పేరుతో మొదలైతే ఫ్లాట్‌ప్యాక్. యూఎస్ఆర్ అని మొదలైతే మామూలు ప్యాకేజీ. కొత్తవారు చెప్పిన ప్యాకేజీలన్నీ పెట్టి కూడా ఫలితం లేక విసిగిపోయే సందర్భాల్లో చాలా వాటికి మూలం ఈ ఒక్క వరుసలోనే దొరుకుతుంది. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ రూపంలో వచ్చిన బ్రౌజర్లు మిగిలిన సిస్టమ్‌కు దూరంగా, తమకు కావలసిన లైబ్రరీలను తమతోనే తెచ్చుకుని నడుస్తాయి. మీరు సిస్టమ్‌లో ఎన్ని కోడెక్‌లు ఇన్‌స్టాల్ చేసినా అవి వాటి కంట పడవు. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది కాబట్టి, అక్కడ మొదటి మందు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, సుడో స్నాప్ రిఫ్రెష్ అని టైప్ చేసి దానిని తాజా చేసుకోవడం. ఫ్లాట్‌ప్యాక్ అయితే ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్ అన్న కమాండు చాలు. పేటెంటు ఉన్న కోడెక్‌లు ఫ్లాట్‌ప్యాక్‌ల భాండారమైన ఫ్లాట్‌హబ్ నుంచి ఒక అనుబంధంగా వస్తాయి. ఫెడోరాలో మాత్రం ఒక చిక్కు ఉంది: ఫెడోరా సొంత ఫ్లాట్‌ప్యాక్ భాండారంలోని ఫైర్‌ఫాక్స్‌కు ఆ కోడెక్‌లు ఉండవు, ఫ్లాట్‌హబ్‌లోని ఫైర్‌ఫాక్స్‌కు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ సెంటర్‌లో రెండూ ఒకే బొమ్మతో, ఒకే పేరుతో కనిపిస్తాయి కనుక ఇన్‌స్టాల్ బటన్ దగ్గర ఏ భాండారం నుంచి వస్తోందో చూసి ఎంచుకోండి.

మీది మామూలు ప్యాకేజీ అయితే, కోడెక్‌లు పెట్టే పద్ధతి డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి మారుతుంది. లినక్స్ మింట్‌లో ఇది అన్నింటికన్నా సులభం: మెనూలోని సౌండ్ అండ్ వీడియో విభాగంలో ‘ఇన్‌స్టాల్ మల్టీమీడియా కోడెక్స్’ అనే అంశం ఉంటుంది, దానిని నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే పని అయిపోతుంది. డెబియన్‌లో ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్ ప్రధాన భాండారంలోనే ఉంది, హెచ్.264ను విప్పగలదు కూడా. ఏ కారణం చేతనైనా లేకపోతే ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్ ప్యాకేజీ ఒక్కటి ఇన్‌స్టాల్ చేస్తే అవసరమైన లైబ్రరీలు దాని వెంట వస్తాయి. ఓపెన్‌సూసేలో ప్యాక్‌మ్యాన్ అనే భాండారం నుంచి తెచ్చుకోవాలి. ఓపీఐ అనే చిన్న పనిముట్టును ఇన్‌స్టాల్ చేసి ఓపీఐ కోడెక్స్ అని కమాండు ఇస్తే, ఆ భాండారాన్ని చేర్చడం, ప్యాకేజీలను మార్చడం అదే చూసుకుంటుంది.

ఉబుంటు విషయం (మీ ఫైర్‌ఫాక్స్ స్నాప్ కానప్పటిది) కొంచెం వివరంగా చెప్పాలి. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మరిన్ని మీడియా ఫార్మాట్లకు మద్దతు కావాలా అని ఒక చిన్న గడి అడుగుతుంది. అప్పుడు దానిని వదిలేసి ఉంటే ఇప్పుడు ఉబుంటు-రిస్ట్రిక్టెడ్-ఎక్స్‌ట్రాస్ అనే ప్యాకేజీ తెచ్చుకోవచ్చు. ఇది మల్టీవర్స్ అనే విభాగంలో ఉంటుంది కనుక, ప్యాకేజీ దొరకలేదని వస్తే సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్ అనే అప్లికేషన్ తెరిచి మల్టీవర్స్ ఎదుట గుర్తు పెట్టండి. తరువాత టెర్మినల్‌లో ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ వెనుక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-రిస్ట్రిక్టెడ్-ఎక్స్‌ట్రాస్ అని ఇవ్వాలి. పాస్‌వర్డ్ టైప్ చేస్తున్నప్పుడు తెరమీద చుక్కలు గానీ నక్షత్రాలు గానీ కనబడకపోవచ్చు. కీబోర్డు పాడైందని అనుకోకుండా పూర్తిగా టైప్ చేసి ఎంటర్ నొక్కండి. మధ్యలో మైక్రోసాఫ్ట్ ఫాంట్ల లైసెన్సు ఒకటి తెరనిండా పరుచుకుంటుంది. కింద ఓకే అని ఉంటుంది కానీ దానిపై మౌస్ పనిచేయదు, ఎంటర్ నొక్కినా పాఠం కదలదు. కొత్తవారు అక్కడ కంగారుపడి టెర్మినల్ మూసేస్తారు. ట్యాబ్ కీ ఒకసారి నొక్కితే ఓకే రంగు మారుతుంది, అప్పుడు ఎంటర్ నొక్కాలి. తరువాతి తెరలో ‘యెస్’ (అవును) ఎంచుకుని మళ్లీ ఎంటర్ నొక్కాలి. ఒకవేళ మధ్యలోనే మూసి ఉంటే సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ అనే కమాండుతో ఆగిన పని మళ్లీ మొదలవుతుంది.

మొదట్లోనే ‘లాక్ దొరకలేదు’ అన్న అర్థంలో డీపీకేజీ లాక్-ఫ్రంటెండ్ అనే ఫైలు పేరుతో తప్పు సందేశం వస్తే, ఏదీ చెడిపోలేదని గ్రహించండి. వెనుక ఆటోమేటిక్ అప్‌డేట్లు జరుగుతుండవచ్చు. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఆ లాక్ ఫైలును తొలగించమని చెప్పే సలహాలు కనబడతాయి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీల జాబితాను మార్చకుండా కాపాడేది ఆ ఫైలే, కాబట్టి ఆ సలహా పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఫెడోరాలో ముందుగానే ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్-ఫ్రీ అనే ప్యాకేజీ ఉంటుంది, పేటెంట్ల సంగతి ఉన్న భాగాలను తీసివేసి ఇచ్చేది అది. పూర్తి ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్ కావాలంటే ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ అనే భాండారాన్ని చేర్చుకోవాలి. చేర్చే కమాండును ఆ ప్రాజెక్టు అధికారిక పేజీ నుంచే కాపీ చేసుకోండి, మరెక్కడి నుంచీ వద్దు. ఆ తరువాత సుడో డీఎన్ఎఫ్ స్వాప్ ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్-ఫ్రీ ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్ --అలౌఎరేసింగ్ అని ఇస్తే ఒకటి పోయి మరొకటి వస్తుంది. ఇక్కడ ఇన్‌స్టాల్ అని కాకుండా స్వాప్ అని ఇవ్వడం ముఖ్యం, ఎందుకంటే ఆ రెండు ప్యాకేజీలూ ఒకేచోట ఇమడవు.

ఏ డిస్ట్రిబ్యూషన్ అయినా, కోడెక్‌లు పెట్టాక ఫైర్‌ఫాక్స్ కిటికీలన్నీ మూసి తిరిగి తెరవండి. పేజీని రీలోడ్ చేస్తే సరిపోదు. బ్రౌజర్ ఆ లైబ్రరీని వెతికేది తాను మొదలయ్యేటప్పుడే. తిరిగి తెరిచాక మళ్లీ అబౌట్:సపోర్ట్ చూసి, హెచ్264 వరుస మారిందని నిర్ధారించుకున్నాకే ఆ సైటుకు వెళ్లండి. మారకపోతే సైటును ఎన్నిసార్లు తెరిచినా ప్రయోజనం లేదు.

ఇదంతా ఎందుకు, గూగుల్ క్రోమ్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. అది అబద్ధం కాదు. క్రోమ్ హెచ్.264నూ ఏఏసీనీ తనలోనే మోసుకొస్తుంది, ఉబుంటు వంటి వాటిలో దాని డెబ్ ఫైలును ఇన్‌స్టాల్ చేస్తే తన భాండారాన్ని కూడా చేర్చుకుని ఆపై సిస్టమ్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది. మీకు క్రోమ్ ఇష్టమైతే నిరభ్యంతరంగా వాడండి. కానీ సిస్టమ్‌లోని లోటును అలాగే వదిలేస్తే, రేపు మీ దగ్గరున్న వీడియో ఫైలును సిస్టమ్‌తో వచ్చిన ప్లేయర్‌లో తెరిచినప్పుడు అదే లోటు మళ్లీ ఎదురవుతుంది. అందుకే ముందు కోడెక్‌లను సరిచేసుకోవాలని, బ్రౌజర్ ఎంపికను దానితో ముడిపెట్టవద్దని నా అభిప్రాయం.

రెండో కారణం డీఆర్ఎమ్, అంటే వీడియోను కాపీ చేసుకోకుండా వేసే తాళం. మీకు వీడియో రానివాటిలో చందా కట్టి సినిమాలు చూసే సైట్లుంటే, అక్కడ కోడెక్ ఉండడం ఒక్కటే చాలదు. ఆ సైట్లు వీడియోను తాళం వేసి పంపుతాయి; దానిని తీయడానికి గూగుల్‌కు చెందిన వైడ్‌వైన్ అనే భాగం కావాలి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో ‘ప్లే డీఆర్ఎమ్-కంట్రోల్డ్ కంటెంట్’ అనే గడికి గుర్తు పెడితే బ్రౌజర్ దానిని స్వయంగా దించుకుంటుంది. అబౌట్:యాడాన్స్ పేజీలోని ప్లగిన్స్ విభాగంలో అది కనబడాలి. అక్కడే ఓపెన్‌హెచ్264 అని సిస్కో అందించే మరొకటి కూడా కనిపిస్తుంది. ఈనాటి ఫైర్‌ఫాక్స్‌లో ప్లగిన్ అనే పేరుతో మిగిలినవి ఈ రెండు రకాలే, వాటినీ మీరు చేత్తో పెట్టవలసిన పని లేదు. క్రోమ్‌లో వైడ్‌వైన్ ముందే ఉంటుంది, క్రోమ్‌కు ఆధారమైన స్వేచ్ఛా బ్రౌజర్ క్రోమియమ్‌లో సాధారణంగా ఉండదు. లినక్స్ డెస్క్‌టాప్‌లో వైడ్‌వైన్ సాఫ్ట్‌వేర్ స్థాయి రక్షణతోనే పనిచేస్తుంది కనుక కొన్ని సైట్లు తక్కువ రిజల్యూషన్‌లో మాత్రమే వీడియో ఇస్తాయి. అది ఆ సంస్థలు తీసుకున్న నిర్ణయం. మీ వైపు ఏ సెట్టింగూ దానిని మార్చలేదు. అందుకోసం గంటలు ఖర్చు చేయకండి.

కోడెక్ ఉంది, డీఆర్ఎమ్ సంగతీ లేదు, అయినా రావడం లేదంటే, హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్‌లో ఫైర్‌ఫాక్స్‌ను తెరిచి చూడండి. అక్కడ వీడియో వస్తే ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షనో మరొకటో అడ్డుపడుతోందని అర్థం. ఒక్కొక్కటిగా ఆపుతూ పోతే ఏదో తేలిపోతుంది.

నిజంగానే ఫ్లాష్‌లో మాత్రమే ఉన్న పాత పాఠమో, యానిమేషనో మీకు ముఖ్యమైతే దానికీ దారి ఉంది. రఫుల్ అనేది రస్ట్ భాషలో రాసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫ్లాష్ ఫైళ్లను అసలు ఫ్లాష్ ప్లేయర్ అవసరం లేకుండా నడిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ అధికారిక యాడాన్స్ పేజీలో ఎక్స్‌టెన్షన్‌గా దొరుకుతుంది. అన్ని ఫైళ్లూ నడుస్తాయని చెప్పలేను, ముఖ్యంగా తరువాతి కాలంలో వచ్చిన క్లిష్టమైన వాటిలో కొన్ని మొరాయిస్తాయి. అయినా పాత ఫ్లాష్ ప్లేయర్‌ను ఎక్కడి నుంచో తవ్వి తెచ్చి పాత బ్రౌజర్‌లో నడపడం కన్నా ఇది ఎంతో మేలు. 2020 తరువాత అడోబీ దానికి భద్రతా సవరణలేవీ ఇవ్వలేదు.

చివరగా, వీడియో వస్తోంది కానీ తడబడుతోంది, ఫ్యాను హోరెత్తుతోంది అంటే అది వేరే లోటు: వీడియోను విప్పే పని గ్రాఫిక్స్ చిప్ చేయకుండా ప్రాసెసర్ మీద పడుతోంది. అబౌట్:సపోర్ట్‌లోని అదే కోడెక్ పట్టికలో హార్డ్‌వేర్ గడి ఇందుకే ఉంది. లినక్స్‌లో ఈ పనికి వీఏ-ఏపీఐ అనే మార్గం ఉంది. 2023లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 115 నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అది ముందే ఆన్ అయి ఉంటుంది. వీఏఇన్ఫో అనే కమాండు ఇస్తే, మీ చిప్ ఏయే కోడెక్‌లను విప్పగలదో ప్రొఫైళ్ల జాబితాగా చెబుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో అది అదే పేరుగల ప్యాకేజీలో, ఫెడోరాలో లిబ్‌వా-యుటిల్స్‌లో దొరుకుతుంది. జాబితాలో హెచ్264 పేరు లేకుంటే డ్రైవరు చూడాలి: ఉబుంటు, డెబియన్‌లలో బ్రాడ్‌వెల్ తరం నుంచి వచ్చిన ఇంటెల్ చిప్‌లకు ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్, అంతకు ముందువాటికి ఐ965-వీఏ-డ్రైవర్, ఏఎమ్‌డీకి మెసా-వీఏ-డ్రైవర్స్. ఫెడోరా 37 నుంచి మెసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్ల సముదాయంలో హెచ్.264కు హార్డ్‌వేర్ మద్దతు తీసివేశారు కాబట్టి, అక్కడ ఏఎమ్‌డీ వాడేవారు ఆర్‌పీఎమ్ ఫ్యూజన్ నుంచి మెసా-వీఏ-డ్రైవర్స్-ఫ్రీవరల్డ్ అనే ప్యాకేజీని తెచ్చుకోవాలి. మీరు మీ గ్రాఫిక్స్ చిప్ పేరు రాయలేదు. హెచ్264 సాఫ్ట్‌వేర్ గడి ‘సపోర్టెడ్’ అయ్యాక కూడా తడబాటు ఉంటే, ఆ పేరును, వీఏఇన్ఫో ఇచ్చిన జాబితాను ఇక్కడ ఉంచండి, ఏ డ్రైవరు కావాలో చూసి చెబుతాను.